నాయన బెల్లం బేరం

"శుక్రవారం తాతతో నేను మాట్లాడను, శనివారం తాతయితే సరే" అంది మా చిన్నది. శుక్రవారం రాత్రి మేం వీడియో కాల్ చేస్తే చిత్తూరులో అప్పుడే తెల్లవారి ఉంటుంది. నాయన చేతిలో ఫోన్ నిలవదు, మాట మాటకీ చిరాకు. శనివారం పొద్దున చేస్తే అక్కడ చీకటి పడుతుంటుంది. చెయ్యి వణకదు, పొడుపుకథలు కూడా వేస్తాడు. "తాగితేనే వణుకు ఆగుతోంది కదమ్మా, మాకు హెల్త్ క్లాసులో చెప్పారు" అని తేల్చేసింది. అది షుగర్ అని నేను చెబుతూ వచ్చిన కథ అక్కడికి సరి.

నాకు తెలియక కాదు. 1995లో మద్యనిషేధం వచ్చాక నాయనకు ఉన్నట్టుండి కర్ణాటకలో పనులు పుట్టుకొచ్చాయి. పలమనేరు దాటి నంగిలి దాకా పోయి, సోంపు నములుతూ వచ్చేవాడు. బెల్లం బేరమట. బెల్లానికి పేరుమోసిన చిత్తూరు నుంచి బెల్లం కోసం బయటికి పోవడమేందని అమ్మ ఏనాడూ అడగలేదు. 1997లో నిషేధం సడలించారు, ఆ బేరమూ ఆగిపోయింది.

అడగకపోవడం నాకూ అబ్బింది. పిల్లలకు వేపింగ్, అదే ఈ-సిగరెట్ల మీద గంటసేపు క్లాసు పీకుతాను. ఊరికి పోయేటప్పుడు మాత్రం డ్యూటీ ఫ్రీలో రెండు లీటర్ల లెక్క చూసుకుని మరీ నాయనకు బాటిళ్లు కొంటాను. ఒట్టి చేతులతో పోతే ఏం బాగుంటుంది!

తాగుబోతంటే రోడ్డు మీద పడిపోయేవాడనుకుంటాం. నాయన ఎన్నడూ పడలేదు, కొట్టు తెరవని రోజు లేదు. చూడాల్సినవి వేరే: పొద్దున్నే వణుకు, చెమటలు, ఇంతకుముందు సరిపోయింది ఇప్పుడు చాలకపోవడం, స్కూటర్ డిక్కీ తాళం ఎవరికీ ఇవ్వకపోవడం.

ఈసారి అయ్యప్ప మాల వేయిస్తానంటోంది అమ్మ, 41 రోజులు. మంచిదే అన్నాను ముందు. కానీ ఏళ్లతరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే, మొదటి రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు చూస్తుండగా మాన్పించాలి. వేలూరు ఆసుపత్రి దగ్గరే. తాగుడు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసినా దారి చెబుతారు. "నాకేం రోగం?" అనే మనిషిని కారెక్కించేదెవరు?

చిన్నదానికి జబ్బని చెబితే, ఇన్నేళ్లూ ఎందుకు చూపించలేదంటుంది. చెప్పకపోతే, నాకు అమ్మ నేర్పిందే దానికీ నేర్పినట్టు.

ముందు అమ్మతో మాట్లాడమంటాడు మా ఆయన. నాయన ఇంట్లో లేనప్పుడు చేయాలి. ఎప్పుడు లేడో అదీ అమ్మనే అడగాలి. మాలకు ఇంకా టైముంది కదా అని వాయిదా వేస్తూ వస్తున్నాను.