అప్పు ఆమె పేర, ఆస్తి ఆయన పేర

బ్యాంకులో, డ్వాక్రా మహిళా పొదుపు సంఘాలకు అప్పులు మంజూరు చేసే పనిలో ఉన్నదాన్ని కాబట్టి, ఆడవాళ్ల జీవితాలు ఎంత మారాయన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నా చూపు ముందుగా కాగితాల మీదికే పోతుంది. ఏ కాగితం మీద ఎవరి పేరు ఉందో చూస్తే, ఆ ఇంట్లో ఏది మారిందో, ఏది మారలేదో చాలావరకు తెలిసిపోతుంది. నేను పనిచేసే నెల్లూరు జిల్లా పల్లెల్లో అప్పు పత్రాల మీద ఇప్పుడు ఇల్లాలి పేరు ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకం మీద, ట్రాక్టరు ఆర్‌సీ మీద, పొలం దస్తావేజు మీద మాత్రం ఇంకా భర్త పేరో మామగారి పేరో ఉంటుంది. ఈ తేడా గురించి మనం మాట్లాడుకోవలసినంతగా మాట్లాడుకోవడం లేదని నా బాధ.

జరిగిన మార్పు చిన్నదని నేను అనను. 1992లో ఈ జిల్లాలోని దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులకు వెళ్లిన కూలి స్త్రీలు సారా అమ్మకాలకు ఎదురు తిరిగారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నడిచిన ఆ ఉద్యమం జిల్లా అంతా, ఆపైన రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. ఆ ఊపులోనే, రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి కార్యక్రమం ఈ జిల్లాలో వేళ్లూనుకుంది. తరువాత వెలుగు, ఇందిర క్రాంతి పథం అంటూ పథకాల పేర్లు మారుతూ వచ్చాయి కాని, పది పన్నెండు మంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుని, పొదుపు లెక్క చూసుకుని, ఆ పొదుపు సొమ్ములోంచి అంతర్గత అప్పు ఎవరికి ఇవ్వాలో తేల్చుకుని, తీర్మానం రాసుకుని సంతకాలు పెట్టే పద్ధతి మాత్రం నిలిచిపోయింది. భర్త వెంట లేకుండా బ్యాంకు మెట్లెక్కని తరానికి పుట్టిన కూతుళ్లు ఇవాళ మండలంలోని సంఘాలన్నీ కలిసిన మండల సమాఖ్య సమావేశాల్లో బ్యాంకు అధికారులను నిలబెట్టి లెక్కలు అడుగుతున్నారు. వాళ్లు అడిగినప్పుడు జవాబు చెప్పవలసిన మనిషిని నేనే అయినా, ఆ దృశ్యం నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

సంఘానికి ఇరవై లక్షల వరకు ఏ ఆస్తీ తాకట్టు లేకుండా అప్పు ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకు నమ్మకం అంతా ఆ స్త్రీల మాట మీద, వాళ్లు ఒకరికొకరు పూచీగా నిలబడే కట్టుబాటు మీద ఆధారపడి ఉంటుంది. ఆ నమ్మకాన్ని వాళ్లు నిలబెట్టుకుంటారు కూడా. కిస్తీ తేదీ దగ్గరపడితే ఉపాధి హామీ కూలి నుంచో, పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లు నుంచో, చేబదులు తెచ్చో కడతారు. ఆ సంపాదన కోసం పగలంతా కష్టపడిన మనిషికి ఇంటి పని తగ్గదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సర్వే ప్రకారం, ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అది కూడా, ఆ రోజు ఏదో ఒక ఇంటి పని చేసిన పురుషుల లెక్క మాత్రమే. ఏ పనీ చేయనివారు అందులో చేరలేదు.

ఇంత కష్టపడి తీర్చిన అప్పు దేనిగా మారుతున్నదన్నదే నా ప్రశ్న. ఒకసారి లింకేజీ కాగితాల మీద, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే రుణం పత్రాల మీద, సంతకాలు పెట్టిస్తూ, ఒక సభ్యురాలిని ఆమె వంతు లక్ష రూపాయలు దేనికని అడిగాను.

"పక్కచేను అరెకరం బేరం పెట్టాం మేడమ్. లక్ష తక్కువ పడింది."

"రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద చేయిస్తున్నారమ్మా?"

"పొలం అంటే ఆయన పేరు మీదనే గదా మేడమ్ ఉండేది."

ఆ జవాబులో ఫిర్యాదు లేదు, భయం లేదు. అది అట్లాగే ఉండాలన్న నమ్మకమే ఉంది. ఆయన చెడ్డవాడూ కాదు; తాగుడు లేదు, కిస్తీ రోజున ఆమెను బండి మీద దింపి వెళతాడు. అందుకే ఈ సంగతి మరింత ఆలోచించదగినదిగా తోస్తుంది. దుర్మార్గుల సంగతి పోలీసులు, కోర్టులు చూస్తాయి. మంచి సంసారాల్లో కూడా ఆస్తి తనంతట తానే మగవాడి పేరు మీదికి జరిగిపోవడం ఎవరికీ కనపడదు.

బంగారం తాకట్టు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. సేద్యానికి పెట్టుబడి కావలసి వచ్చినప్పుడు కౌంటరు మీదికి వచ్చేది ఆమె పుట్టింటివారు పెట్టిన నానుతాడు, గాజులు. బంగారం నాణ్యత చూసే అప్రైజరు గీటురాయి మీద గీసి, తూకం వేసి, సంచిలో పెట్టి సీలు వేస్తాడు. పాసుపుస్తకం భర్తది కాబట్టి పంట రుణం ఆయన పేరు మీద నమోదవుతుంది. పంట చేతికి వస్తే విడిపిస్తారు, తప్పితే వడ్డీ కట్టి తిరగ రాయిస్తారు. ఏళ్ల తరబడి బ్యాంకు లాకరులోనే ఉన్న నగలను నేను చూశాను. ఆ పెట్టుబడితో నిలబడిన పొలంలో ఆమె పేరు అక్షరమంత కూడా లేదు.

చట్టం వెనకబడి ఉన్నదని చెప్పడానికీ వీల్లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇవ్వడంలో మనవాళ్లు దేశంలోనే ముందు వరుసలో ఉన్నారు: హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయింది, అయితే అప్పటికే పెళ్లయినవారికి వర్తించలేదు. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించినప్పుడు ఆ అడ్డు తొలగింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చేదని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆచరణలో జరిగేది వేరు. కట్నం ఇచ్చాం కదా అన్న ఒక్క మాటతో హక్కు విడుదల పత్రం మీద అన్నదమ్ములు సంతకం తీసుకుంటారు. అడిగితే పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయన్న బెంగతో అక్కచెల్లెళ్లు సంతకం పెడతారు. అత్తింట్లో ఆస్తి భర్త పేర, పుట్టింట్లో ఆస్తి అన్న పేర పోగా, ఆమె పేర మిగిలేది సంఘం అప్పు.

భర్త హఠాత్తుగా చనిపోయినప్పుడు దీని బరువు తెలుస్తుంది. చట్టం ప్రకారం అతని సొంత ఆస్తిలో భార్యకు, పిల్లలకు, తల్లికి సమాన వాటాలు ఉంటాయి కాని, పాసుపుస్తకంలో పేరు మార్పించుకునే దాకా ఆమె ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరగాలో, ఎవరెవరిని బతిమాలాలో చూస్తూనే ఉన్నాను. సంఘం కిస్తీ మాత్రం నెల తప్పకుండా ఆమె పేరు మీదనే వస్తుంది.

ఇళ్ల స్థలాల విషయం చూస్తే ఇది మారగలదన్న నమ్మకం కలుగుతుంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన పంపిణీలో పట్టాలు ఇంటి ఇల్లాలి పేరు మీద ఇచ్చారు. ఆ పట్టా తీసుకోవడానికి ఏ ఇంట్లోనూ మగవాళ్లు అభ్యంతరం చెప్పినట్టు నేను వినలేదు. ప్రభుత్వం ఇచ్చేదైతే ఆమె పేరు మీద ఉండవచ్చు, కుటుంబం కొనేదైతే ఉండకూడదు అనడంలో న్యాయం ఎక్కడుంది?

ఇప్పుడు నేను ప్రతి లింకేజీ రుణం దగ్గరా రిజిస్ట్రేషన్ సంగతి అడుగుతున్నాను. పొలం కొంటున్నామంటే, కనీసం ఇద్దరి పేర్ల మీద రాయించుకోమని సంఘం సమావేశంలోనే భర్తల ముందు చెబుతున్నాను. పంట రుణం, పంట బీమా, పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే ఆరు వేలు ఇవన్నీ చాలావరకు భూమి రికార్డులో పేరు చూసే వస్తాయని, నాట్లు వేసి కలుపు తీసిన మనిషిని ఆ రికార్డు రైతుగా గుర్తించదని వివరిస్తున్నాను. రుణ దరఖాస్తులో, ఈ అప్పుతో కొనబోయే ఆస్తి ఎవరి పేరు మీద ఉంటుందన్న గడి ఒకటి చేర్చమని పై అధికారులకు కూడా రాశాను. జవాబు రాలేదు. వచ్చే దాకా ఆ ప్రశ్నను నేనే అడిగి, జవాబును ఆ సంఘం తీర్మానాల పుస్తకంలో రాయిస్తున్నాను.