మానిటర్ కొనిపెట్టమంది అక్క

శనివారం.

పొద్దున్నే అక్క ఫోన్. "వీడికేదో టీవీ లాంటిది కావాలట, నువ్వు పక్కనుండి కొనిపెట్టరా" అంది. వెనక నుంచి మేనల్లుడు "టీవీ కాదమ్మా, మానిటర్!" అని అరుస్తున్నాడు.

టిఫిన్ చేసి ఇద్దరం ప్యారడైజ్ దగ్గర మెట్రో దిగి పార్క్‌లేన్‌లోకి నడిచాం. కంప్యూటర్ షాపులన్నీ ఒకేచోట ఉండే సీటీసీకి వెళ్తే ఎప్పుడూ ఉండే గోలే. మెట్లెక్కుతుంటేనే "ఏం కావాలి సార్, ల్యాప్‌టాపా, ప్రింటరా" అని పిలుపులు.

వాడు 4కె తప్ప ఇంకోటి వద్దని భీష్మించుకున్నాడు. వాడి కంప్యూటర్లో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డేమో ఆర్‌టీఎక్స్ 3060. మెట్ల మీదే నిలబెట్టి లెక్క చెప్పాను. 1080పి తెర మీద సుమారు 21 లక్షల పిక్సెళ్లు, అంటే రంగు చుక్కలు, ఉంటాయి. 1440పిలో 37 లక్షలు, 4కెలో 83 లక్షలు. తెర మీద మారే ప్రతి బొమ్మకీ, అంటే ప్రతి ఫ్రేముకీ, కార్డు అన్నిటికీ రంగు వేయాలి. 4కె అంటే 1080పికి సరిగ్గా నాలుగు రెట్ల పిక్సెళ్లు. "సైబర్‌పంక్ పెట్టావంటే బొమ్మ అద్దంలా ఉంటుంది, కానీ ఆట నత్తనడక నడుస్తుంది" అన్నాను. ముఖం మాడ్చుకున్నాడు గానీ, విన్నాడు.

4కె పోయిందో లేదో, 240 హెర్ట్జ్, అంటే సెకనుకి 240 సార్లు బొమ్మ మార్చే తెర, అందుకున్నాడు. వాలరెంట్ ఆడే స్నేహితులందరికీ అదే ఉందట. ఇక్కడ వాడి మాట కొట్టిపారేయడానికి లేదు, ఆ ఆట మామూలు కార్డు మీదే పరిగెడుతుంది. కానీ 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు తెర మీద నిలుస్తుంది. 144లో 6.9, 240లో 4.2. అంటే 60 నుంచి 144కి వస్తే పది మిల్లీసెకన్ల దాకా కలిసొస్తుంది, అక్కడి నుంచి 240కి పోతే మూడు కూడా రాదు. పోటీల్లో ఆడేవాళ్లకి ఆ మూడూ ముఖ్యమే. పరీక్షల ముందు రోజు కూడా కథల గేములాడే మావాడికి అంత అవసరమా?

షాపతను మంచివాడు, విసుక్కోలేదు. పక్కపక్కనే రెండు మానిటర్లు వేసి మౌస్ ఇచ్చాడు. 60 దాని మీద బాణాన్ని గబగబా గుండ్రంగా తిప్పితే అక్కడొకటి, ఇక్కడొకటిగా విడివిడి బాణాలు కనబడ్డాయి. 165 దాని మీద అవే దగ్గరదగ్గరగా, దండ గుచ్చినట్టు వచ్చాయి. "మామా, ఇది చూడు!" అని ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. నా పది నిమిషాల లెక్చర్‌కి రాని వెలుగు ఆ మౌస్‌తో వచ్చింది వాడి ముఖంలో.

27 అంగుళాల్లో 1080పి ఒకటి చవగ్గా వస్తుందని షాపతను చూపించాడు. అంగుళానికి 82 పిక్సెళ్లే పడతాయి, దగ్గర కూర్చుంటే అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 1080పి తీసుకుంటే 24 అంగుళాలు దాటకూడదన్నది నా పట్టుదల. చివరికి 27 అంగుళాల 1440పి, 165 హెర్ట్జ్, ఐపీఎస్ ప్యానెల్ దగ్గర ఆగాం. వీఏ అనే ఇంకో రకం ప్యానెల్లో నలుపు బాగుంటుంది కానీ, చాలావాటిలో చీకటి సీన్లు కదిలేటప్పుడు మసక తోక వదులుతాయి.

నేను అసలు పట్టుబట్టింది అడాప్టివ్ సింక్ కోసం, అంటే కార్డు వేగాన్ని బట్టి తెర కూడా తన వేగం మార్చుకోవడం. 3060 మీద పెద్ద గేములు ఎప్పుడూ ఒకే వేగంతో నడవవు. ఒకచోట 70 ఫ్రేములు, వానలో రోడ్డు మీదకి రాగానే 55. తెర వేగం మారకుండా ఉంటే కొన్ని ఫ్రేములు ఎక్కువసేపు, కొన్ని తక్కువసేపు నిలిచి కుదుపులా అనిపిస్తుంది, లేదా బొమ్మ మధ్యలో చిరుగుతుంది. సింక్ ఉంటే ఫ్రేము తయారయ్యాకే తెర మారుతుంది. ఇలాంటి కార్డుకి పెట్టె మీది హెర్ట్జ్ అంకె కంటే ఇదే పెద్ద సుఖం.

సాయంత్రం బిగించగానే టెన్షన్. "మామా, తేడా ఏం లేదు, మోసపోయాం!" చూస్తే విండోస్ ఇంకా 60లోనే ఉంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి మార్చబోతే 144 వరకే చూపించింది. వాడు తగిలించింది హెచ్‌డీఎంఐ కేబుల్, ఈ మానిటర్‌లో ఆ పోర్టు ఇచ్చేది అంతే. పెట్టెలో ఉన్న డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ తగిలిస్తే 165 వచ్చింది. సింక్ ఆన్ చేసి, ఫ్రేములు తెర వేగాన్ని దాటిపోకుండా పరిమితి 160 పెట్టాను.

మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్‌ని, అంటే పిక్సెళ్లు త్వరగా రంగు మార్చేలా తోసే సెట్టింగ్‌ని, వాడు అప్పటికే చివరికంటా లాగేశాడు. కదిలే బొమ్మల వెనక తెల్లటి నీడలు. మధ్యలోకి తెచ్చి వచ్చాను. మళ్లీ పైకి పెట్టేస్తాడు, నాకు తెలుసు. పెట్టె మీద '1 మిల్లీసెకన్' అని అంత పెద్దక్షరాలతో రాశారు కదా మరి.