ఇరాక్‌లో అంటుకున్న పుండు

2003 వేసవిలో నేను అమెరికా సైన్యంలో సిపాయిగా దక్షిణ ఇరాక్‌లో, నసీరియా దగ్గర తల్లిల్ స్థావరంలో ఉన్నాను. పెద్ద పోరు ముగిసిందని మే 1న బుష్ ప్రకటించారు. అదే నెల 22న భద్రతా మండలి 1483వ తీర్మానం అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమిత దేశాన్ని నడిపే శక్తులుగా గుర్తించింది. మాకు తెలిసిన ఆక్రమణ మాత్రం గేటు డ్యూటీ, లారీల తనిఖీ, కాన్వాయ్ కాపలా. మరుగుదొడ్డి డ్రమ్ముల్లో డీజిల్ పోసి తగలబెట్టి, ఇనుప కడ్డీతో కలుపుతూ నిలబడటం కూడా వంతులవారీగా చేసేవాళ్ళం. ఆ పొగ వాసన ఎన్ని స్నానాలు చేసినా వదిలేది కాదు. దూరంగా ఊర్ అనే పాత నగరపు జిగ్గురాత్, అంటే నాలుగు వేల ఏళ్ళనాటి మెట్లమెట్ల గుడి దిబ్బ, కనిపిస్తూ ఉండేది.

పగలు 50 డిగ్రీలు. సీసాలో నీళ్ళు గొంతులో పోసుకుంటే కాలేవి. రాత్రి గుడారంలో ఊపిరాడక మడతమంచాలు బయట వేసుకుని పడుకునేవాళ్ళం. దోమతెరలు అందరికీ లేవు. ఉన్నా లాభం అంతంతే. ఇసుక ఈగ దోమలో మూడో వంతు ఉంటుంది. మామూలు తెర కన్నాల్లోంచి దూరిపోతుంది. దోమలా చెవి దగ్గర రొద చెయ్యదు కాబట్టి వచ్చిందనే తెలీదు. పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా అది కుట్టే వేళ. పొద్దున లేచేసరికి చేతులు, మెడ నిండా ఎర్రటి దద్దుర్లు.

ఎండలు తగ్గే రోజుల్లో మోచేతి కింద ఒక పొక్కు, చెవి కింద ఇంకొకటి లేచాయి. నొప్పి లేదు. పొక్కు పగిలి, అంచు గట్టిగా లేచి, మధ్యలో గుంటపడింది. పైన కట్టిన పెచ్చు తడిసి ఊడితే లోపల ఎర్రటి మాంసం. క్యాంపులో చూసినాయన సాలీడు కుట్టిందని యాంటీబయాటిక్ ఇచ్చారు. కోర్సు అయిపోయింది, పుండు రూపాయి బిళ్ళంత అయింది. ఫోన్లో చెబితే అమ్మ, "వేడి చేసిందిరా, సెగ్గడ్డే. మజ్జిగ దొరుకుతుందా అక్కడ?" అంది. దొరుకుతుందనే చెప్పాను.

అసలు సంగతి చెప్పింది మా దుబాసీ. నసీరియా మనిషి, స్కూల్లో సైన్సు చెప్పేవాడు. నా చెయ్యి చూసి ఏమీ అనలేదు. తన ఎడమ చెంప నాకేసి తిప్పాడు. నాణెమంత మేర చర్మం నున్నగా, లోపలికి దిగి ఉంది. చిన్నప్పటి మచ్చ అట. తన చెల్లెలికి ముక్కు పక్కన ఉందట. ఏడాదిలో దానంతటదే మానుతుంది, మచ్చ ఉండిపోతుంది, మందేమీ వేయించలేదు అన్నాడు. ఆ రోజు నుంచి గేటు దగ్గర వచ్చేపోయే ముఖాలు వేరేలా కనిపించాయి. అన్నాళ్ళూ వాళ్ళ చేతుల్లో ఏముందో చూశాను కానీ చెంపల మీద ఏముందో చూడలేదు.

నన్ను వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆస్పత్రికి పంపారు. పుండు అంచు గీకి తీసిన ముక్కలో పరాన్నజీవి దొరికింది. ఇసుక ఈగ కాటుతో అంటుకునే చర్మపు లీష్మానియాసిస్. మందు పేరు పెంటోస్టామ్, అంటే యాంటిమనీ లోహం కలిసిన ఇంజెక్షన్. అమెరికాలో దానికి లైసెన్సు లేదు కాబట్టి ప్రయోగ చికిత్స కింద సంతకం పెట్టించుకుని ఎక్కించారు. కిలో బరువుకి 20 మిల్లీగ్రాములు, రోజూ నరంలోకి.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత మోకాళ్ళు, భుజాలు పట్టేశాయి. బాత్రూమ్‌కి గోడ పట్టుకుని వెళ్ళేవాణ్ణి, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా కష్టమైంది. అన్నం వాసన పడేది కాదు. రోజూ రక్తం తీసి లివర్, పాంక్రియాస్ అంకెలు చూసేవాళ్ళు, గుండెకి ఈసీజీ. ఒకసారి పాంక్రియాస్ దెబ్బతింటే పెరిగే లైపేజ్ అంకె బాగా పెరిగితే మందు ఆపారు. అదే పెద్ద టెన్షన్, కోర్సు మధ్యలో పోతే పుండు తిరగబెడుతుందేమోనని. అంకెలు దిగాక మళ్ళీ మొదలుపెట్టారు. అదే ఆస్పత్రిలో కాళ్ళు, చేతులు పోయిన కుర్రాళ్ళు ఉండేవారు. లిఫ్టులో వాళ్ళ పక్కన నిలబడితే నా కట్టు కనపడకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కునేవాణ్ణి.

మంచం మీద ఉన్నప్పుడే ఈ జాతి పరాన్నజీవి కథ చదివాను. 1903లో బ్రిటిష్ సైనిక వైద్యుడు లీష్మన్, మద్రాసు జనరల్ ఆస్పత్రిలో డోనవన్ విడివిడిగా కాలా అజార్ క్రిమి సంగతి బయటపెట్టారు. కాలా అజార్ అంటే ఇదే జాతి క్రిమి చర్మాన్ని కాక లోపలి అవయవాల్ని పట్టే జ్వరం. ఇద్దరి పేర్లూ కలిపి దానికి 'లీష్మానియా డోనవాని' అని పెట్టింది రోనాల్డ్ రాస్. 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన ఆ రాసే. 1920ల్లో కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ తయారుచేసి కాలా అజార్ రోగుల్ని బతికించారు. అదీ యాంటిమనీ మందే. నా చేతి నరంలోకి దిగుతున్నదానికి దగ్గరి చుట్టం. ఆ పేజీ చదువుతుంటే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

కోర్సు అయ్యేటప్పటికి పుండ్లు ఇంకా పూర్తిగా మానలేదు. తర్వాత వారాల్లో అంచు దిగి, చర్మం కప్పుకుంది. కీళ్ళ నొప్పులూ మెల్లగా పోయాయి. చెవి కింద మచ్చ ఉంది. రక్తదానం మాత్రం నేనిక ఎప్పటికీ చెయ్యకూడదు.

నాకు విమానం, ఆస్పత్రి, రోజూ రక్తపరీక్ష దొరికాయి. అదే ఈగ కుట్టిన దుబాసీ చెల్లెలికి ఏదీ దొరకలేదు. ఆ పిల్ల సొంత ఊళ్ళో, సొంత డాబా మీద పడుకుని ఉంటే కుట్టింది. ఇది అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను.

ఈ జబ్బు సౌదీలో, ముఖ్యంగా అల్-అహ్సా వైపు, రాజస్థాన్‌లో బికనేర్ వైపు కూడా ఉంది. అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళకి నొప్పిలేని పుండు వారాలు గడిచినా మానకపోతే, మందు రాయించుకునే ముందు ఎక్కడెక్కడ పడుకుని వచ్చారో డాక్టరుకి చెప్పండి. పుండు అంచు నుంచి ముక్క తీసి పరీక్ష చేయమని అడగండి.