సబ్బు నురగ రాని గదులు

మా వైపు హోటల్ అంటే తినే చోటు, పడుకునే చోటు లాడ్జి. నేను ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేస్తాను. రైస్ మిల్లు, రొయ్యల షెడ్డు, కొబ్బరి కొట్టు, ఎక్కడ కాటా మొరాయించినా ఫోను నాకే. ఇల్లు రాజమండ్రిలోనే అయినా నెలలో పది పన్నెండు రాత్రులు తణుకు, భీమవరం, పాలకొల్లు, అమలాపురం లాడ్జీల్లో గడుస్తాయి.

కాటా సరిచూడడానికి సంచిలో ఐదేసి కిలోల తూకపు రాళ్లు నాలుగు ఉంటాయి. ఇనుపవే, పేరు మాత్రం రాళ్లు. కుర్రాడు సంచి ఎత్తి రెండో మెట్టు మీద ఆగి, “ఏముంది సార్ ఇందులో, రాళ్లా?” అంటాడు. “అవును, రాళ్లే” అంటాను. ఒక్కడూ నవ్వలేదు ఇంతవరకు. అందుకే కౌంటరు దగ్గర నేను మొదట అడిగేది ఏసీ గది కాదు, కింది గది. దోమలు ఉంటాయి, జనరేటర్ చెవి పక్కనే మోగుతుంది. ఇరవై కిలోలు మూడంతస్తులు మోసే కంటే నయం.

గదులన్నీ ఒకే అచ్చు. దుప్పటి మూలన లాడ్జి పేరు ముద్ర, రిమోటుకు రబ్బరు బ్యాండు, బాత్రూం అద్దం నిండా ముందువాళ్లు అతికించి మరిచిపోయిన బొట్టుబిళ్లలు. అద్దం తుడిచేవాళ్లు వాటి జోలికి పోరు, చుట్టూ తుడుస్తారు. పాలకొల్లులో ఒక అద్దం మీద పదిహేడు లెక్కపెట్టాను. పదహారు పైన, ఎరుపూ మెరూనూ. ఒక్క నల్లబిళ్ల మాత్రం బాగా కింద, చిన్నపిల్ల ఎత్తులో.

సంక్రాంతి మూడు రోజులు భీమవరం పేరెత్తను. పందేలు చూడడానికి వచ్చేవాళ్లతో గదులు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. ఏడాది పొడవునా “రండి రండి” అనే గుమస్తా కూడా ఆ మూడు రోజులూ తల ఎత్తడు.

కళ్లు మూసుకుని ఏ గదిలో దించినా ఊరు చెప్పగలను, సబ్బు చేతిలో ఉంటే చాలు. తణుకులో రెండు రుద్దులకే నురగ. సముద్రం వైపు దిగేకొద్దీ బోరు నీళ్లు ఉప్పన, సబ్బు జిడ్డులా అంటుకుంటుంది తప్ప నురగ రాదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర నుంచి డెల్టాకు మంచినీళ్లంటే కాలువ నీళ్లే. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. అప్పుడు చెరువుల్లో నిలవ చేసుకున్నది తాగడానికి, లాడ్జివాడికి బోరు.

మొన్న ఏప్రిల్లో నరసాపురంలో అలాగే ఇరుక్కున్నాను. షెడ్డులో పని చీకటి పడేదాకా సాగి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు తప్పిపోయింది. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగే ఓపిక లేదు. ఒంటినిండా రొయ్యల వాసన, తల మీద కరగని సబ్బు. తువ్వాలు చుట్టుకుని గుమ్మంలోంచి కేక వేశాను.

“కాలువలు కట్టేశారు కదండీ” అన్నాడు గుమస్తా, తెలియకపోవడం నా తప్పన్నట్టు. “సబ్బు మానేసి షాంపూ పొట్లం కొనుక్కోండి. ఉప్పు నీళ్లకు అదే దిక్కు.”

నిజమే, షాంపూకి నురగ వచ్చింది. ఒంటికి కూడా అదే రుద్దుకున్నాను.

పొద్దున రిజిస్టరులో సంతకం పెడుతుంటే, ‘పని’ అనే గడిలో నేను రాసింది చూసి ఆగాడు. కింద స్వీట్ల కొట్టు వాళ్ల బావదట, కాటా యాభై గ్రాములు తేడా చూపిస్తోందట.

“తేడా ఎవరి వైపు?” అన్నాను.

“మా వైపేనండీ” అన్నాడు, కొంచెం ఆగి.

రాయి పెట్టి సరిచేసి ఇచ్చాను. గది అద్దెలో రూపాయి తగ్గించలేదు. నేను బ్యాగు సర్దుకుంటుండగా కుర్రాడు ట్యాంకరు మంచినీళ్లు రెండు బకెట్లు తెచ్చి బాత్రూంలో పెట్టాడు. పంటుకు ఇంకా అరగంట ఉంది. మళ్లీ స్నానం చేశాను, సబ్బుతో.