విశాఖ చిన్న కొండల నడక చిట్టా: కైలాసగిరి మెట్ల నుంచి పావురాళ్లకొండ దాకా

విశాఖ చుట్టుపక్కల కొండలు ఎత్తులో పెద్దవేం కావు. తొట్లకొండ సముద్రమట్టానికి 128 మీటర్లే. ఆ మాత్రం దానికి తయారీ ఎందుకు అంటారు చాలామంది. ఇక్కడ మనిషిని కూలేసేది ఎత్తు కాదు. ఎక్కే వేళ, గాలిలో తేమ, దిగేటప్పుడు కాలికింద జారే రాతి పొడి. అందుకే ఈ చిట్టాలో ఎక్కుడు కన్నా దిగుడు గురించి, గడియారం గురించి రాతలు ఎక్కువ.

మొదటి దశ: కైలాసగిరి మెట్లు

ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒకే వేగం పట్టడం. పక్కనున్న మనిషితో ఒక పూర్తి వాక్యం తడబడకుండా అనగలిగితే వేగం సరిపోయినట్టు. మాట మధ్యలో తెగితే తగ్గించాలి. మొదటి పది నిమిషాలు కావాలనే మెల్లగా నడవాలి. ఉత్సాహంగా మొదటి మలుపు దాకా ఉరికినవాళ్లే తర్వాత మెట్ల మీద కూలబడతారు. కండరాలకు రక్తం పూర్తిగా అందకముందే వాటిని గట్టిగా వాడితే తొడలు బరువెక్కుతాయి, ఆ బరువు పైదాకా వదలదు.

లెక్కకు స్కాట్లండ్ కొండల మనిషి నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం చాలు: 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. అది చల్లటి దేశం లెక్క. మన ఉక్కలో ఎక్కుడు వేగం సగానికి, అంటే గంటకు 300 మీటర్లకు దించి లెక్క వేసుకుంటే నిజానికి దగ్గరగా వస్తోంది. ఆ లెక్కన తొట్లకొండ 128 మీటర్ల ఎక్కుడుకు పాతిక నిమిషాలు పైచిలుకు.

పైనుంచి దక్షిణాన ఆర్కే బీచ్ వంపు, దాని అవతల సముద్రంలోకి చొచ్చుకెళ్లిన డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తాయి. దూరం ఎంత తేటగా కనబడుతోందో కొలవడానికి డాల్ఫిన్ నోసే మన కొలబద్ద. అంచూ, చెట్ల పచ్చదనమూ విడివిడిగా తెలిస్తే 3. ఆకారం మాత్రమే తెలిస్తే 2. వెతుక్కోవాల్సి వస్తే 1. ఈ అంకె పక్కన నెల, వేళ, ముందురోజు వాన పడిందా లేదా రాసుకుంటే ఏ కొండకు ఎప్పుడు వెళ్లాలో దానంతట అదే తేలుతుంది. వాన కడిగేసిన మర్నాడు 3 ఖాయం అనుకోవచ్చు. డిసెంబరు, జనవరి పొద్దుటివేళలు చాలామంది ఆశపడినంత బాగుండవు. రాత్రి చల్లబడ్డ గాలి నేలను అంటుకుని ఉండిపోతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతపెడుతుంది, ఊరి పొగంతా ఆ మూత కిందే నిలిచిపోతుంది. ఎండ బాగా పొడుచుకొచ్చాకే అది విడుతుంది. చలికాలంలో దృశ్యం కోసమే ఎక్కేటట్టయితే తెల్లవారుజామున లేవడం దండగ.

రెండో దశ: తొట్లకొండ

బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు, మంగమారిపేట దగ్గర. పైదాకా రోడ్డుంది కాబట్టి జారుడు బాధ లేదు. వేగాన్నీ ఎత్తునూ కొలుచుకోవడానికి ఇదే అనువైన చోటు. గేటు తీసే వేళ ముందే కనుక్కుని బయల్దేరాలి.

ఫోను చూపించే ఎత్తును గుడ్డిగా నమ్మకూడదు. కొన్ని యాప్‌లు బీచ్‌లో నిలబడినా పదుల మీటర్లు మైనస్‌లో చూపిస్తాయి. ఉపగ్రహ లెక్క భూమిని ఒక నున్నటి గణిత ఆకారంగా తీసుకుంటుంది. బంగాళాఖాతం దగ్గర అసలు సముద్రమట్టం ఆ ఆకారం కన్నా బాగా కిందికి ఉంటుంది. ఆ తేడాను సరిదిద్దని యాప్ మైనస్ చూపిస్తుంది. కింద రోడ్డు దగ్గర ఒక అంకె, పైన ఒక అంకె రాసుకుని తేడా తీస్తే సరి. ఫోనులో గాలి పీడనం కొలిచే బారోమీటరు ఉంటే ఇంకా నయం. ఇక్కడి వేడిలో దాదాపు ప్రతి 9 మీటర్లకు ఒక మిల్లీబారు పీడనం తగ్గుతుంది. సముద్రం ఒడ్డు నుంచి పైదాకా 14, 15 మిల్లీబార్లు తగ్గాలి.

ఒడ్డున నిలబడ్డ మనిషికి సముద్రం అంచు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 128 మీటర్ల మీద అదే అంచు 40 కిలోమీటర్లకు జరుగుతుంది. కింద కనబడని పడవలు పైకెక్కేసరికి బారులు తీరి కనిపించేది ఇందుకే. పొద్దున సూర్యుడు సముద్రం మీదే ఉంటాడు కాబట్టి నీళ్లు మెరిసిపోయి ఏదీ తెలియదు. మధ్యాహ్నం మూడున్నర దాటాక వెలుగు మన వెనక నుంచి పడుతుంది. అప్పుడు నీటి రంగులూ, అలల గీతలూ తేలతాయి. ఫొటోలకూ అదే మంచి వేళ.

మూడో దశ: సింహాచలం మెట్లు

కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా నుంచి పైకి వెయ్యికి పైగా మెట్లు. మోకాళ్లను పరీక్షించుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. రద్దీ రోజుల్లో వద్దు, భక్తుల వరసలో మన వేగం మన చేతిలో ఉండదు.

మర్నాడు తొడల ముందు భాగం నొప్పెడితే అది దిగుడు చేసిన పని. దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువును ఆపాలి, దాంతో సన్నటి చిరుగులు పడతాయి. నొప్పి రెండో రోజుకు ముదురుతుంది. దీనికి ఇంటి మెట్టు చాలు. 15 నుంచి 20 సెంటీమీటర్ల మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి మడమ నేలకు తాకేదాకా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. ఒక్కో కాలికి 10 చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. మోకాలు లోపలికి వంగిపోతుంటే మెట్టు ఎత్తు తగ్గించాలి.

నాలుగో దశ: పావురాళ్లకొండ

భీమిలి వాళ్లకు ఇది నరసింహస్వామి కొండ. రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సులో భీమిలి వెళ్లొచ్చు. గుడి దాకా మెట్లు, ఆపైన తుప్పల మధ్య కాలిబాట. పైన బౌద్ధుల కాలం నాటి కట్టడాల ఆనవాళ్లు, వాన నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. గోస్తని సముద్రంలో కలిసే చోటు ఇక్కణ్నుంచి చక్కగా కనిపిస్తుంది.

ఇక్కడి రాయి ఖొండలైటు. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఎండకూ వానకూ తెల్లటి మెత్తటి మట్టిగా మారుతుంది. గట్టిగా ఉండే క్వార్ట్జు, ఎర్రటి గార్నెట్ గింజలు మాత్రం విడివడి బండ మీద మిగులుతాయి. వాలు బండ మీద ఆ గింజలు పరిచి ఉంటే బూటు కింద గోలీల్లా దొర్లుతాయి. ఎక్కేటప్పుడు తెలియదు, దిగేటప్పుడే జారుడు. అడుగు చిన్నది వెయ్యాలి, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, మోకాలు కొంచెం వంచి ఉంచాలి. భయంతో వెనక్కి వాలితే బరువు మడమ మీదికి పోయి ఇంకా జారుతుంది. ఊతకర్రను దిగేటప్పుడు ఎక్కేటప్పటికన్నా 5 నుంచి 10 సెంటీమీటర్లు పొడవు పెంచుకోవాలి. బూటులో బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. దిగే ముందు లేసు విప్పి చీలమండ దగ్గర బిగించి కట్టాలి. లేకపోతే పాదం ముందుకు జరిగి గోళ్లు నల్లబడతాయి.

తుప్పల్లో చలికాలం దురదగొండి కాయలుంటాయి. గోధుమరంగు నూగు తగిలితే చేత్తో రుద్దకూడదు, వెంటనే నీళ్లు పోయకూడదు. బ్యాండేజీ ప్లాస్టరు అంటించి లాగేస్తే నూగు దానితో వచ్చేస్తుంది, కడుక్కోవడం ఆ తర్వాత. పొడుగు ప్యాంటు తప్పనిసరి. రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు, రక్తపింజర ఉండే చోట్లు అవే.

నీళ్లు, వేళ

చలికాలం గంటకు అర లీటరు, మార్చి తర్వాత ముప్పావు నుంచి లీటరు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒంటి మీంచి కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లార్చదు. అందుకే అదే ఉష్ణోగ్రత ఉన్న లోపలి ఊళ్లకన్నా ఇక్కడ త్వరగా నీరసం వస్తుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఒక సీసా, మామూలు నీళ్లది ఒక సీసా. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే వాంతి వస్తుంది, చేతి కొలత వద్దు. తల తిరిగి, చెమట ఆగి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి విసరాలి, 108కి ఫోన్ చెయ్యాలి.

జూన్ మొదట్లో 5.20కే సూర్యోదయం, ఏడున్నరకల్లా దిగిపోయేలా చూసుకోవాలి. డిసెంబరులో సూర్యాస్తమయం దాదాపు 5.30కే. మసక వెలుగు ఇరవై నిమిషాలకు మించి నిలవదు, ఐదింటికి దిగుడు మొదలుపెట్టాలి. ఏప్రిల్, మే సాయంత్రాలు పడమట మబ్బు నల్లబడితే శిఖరం మీద ఉండొద్దు. పిడుగుల కోసం దామిని యాప్ చూసుకుని బయల్దేరడం మంచిది.

తర్వాతి దశ ఆషాఢ పౌర్ణమి సింహాచలం గిరిప్రదక్షిణ. 32 కిలోమీటర్లు, ఎక్కుడు తక్కువ, రోడ్డు ఎక్కువ. దానికి వారానికి ఒక పొడుగు నడక: 10 కిలోమీటర్లతో మొదలుపెట్టి విడతకు రెండు చొప్పున పెంచి, 24 దగ్గర ఆపాలి. అరికాళ్లు తారు రోడ్డుకు అలవాటు కావడానికి చివరి రెండు వారాలు చెప్పులు లేకుండా రోజూ పావుగంట.