షామ్ ఎలుక మెదడు తెల్లగా వచ్చేదాకా: నా అనుభవం

తలకు దెబ్బ తగిలిన మొదటి 4 గంటల్లో మెదడు రక్తనాళాలకూ న్యూరాన్లకూ ఏమవుతుందో ఎలుకల్లో కొలవడం నా పని. షామ్ ఎలుకలంటే మత్తు, పుర్రె కోత అన్నీ జరిగి, దెబ్బ మాత్రం తగలనివి. వాటి మెదళ్లు నిన్న మొదటిసారి తెల్లగా వచ్చాయి. ఇదే పని మొదలుపెట్టేవాళ్లకు ఉపయోగపడుతుందని వెంటనే రాస్తున్నాను.

ఎథిక్స్ కమిటీ అనుమతి పెద్ద కష్టం కాలేదు. ఒక్కో గుంపుకి ఇన్ని ఎలుకలు ఎందుకని అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. దెబ్బ వేయడం కూడా చేతికి త్వరగానే వస్తుంది. డ్యూరా (మెదడుని కప్పే పై పొర) చెదరకుండా పుర్రెకి కన్నం పెట్టి, 20 గ్రాముల బరువుని 30 సెం.మీ. ఎత్తు నుంచి వదలాలి. అది ఎగిరి రెండోసారి పడకుండా పట్టుకోవాలి. డ్రిల్ వేడికే కింది కార్టెక్స్ (మెదడు పై భాగం) పాడవుతుంది కాబట్టి చల్లటి సెలైన్ చుక్కలు వేస్తూ, ఆగి ఆగి తొలవాలి.

రక్తనాళాల గోడ తెరుచుకుందో లేదో చెప్పేది ఇవాన్స్ బ్లూ అనే నీలం రంగు. 2 శాతం ద్రావణం, కిలో బరువుకి 4 మి.లీ. చొప్పున తోక సిరలోకి ఎక్కించాలి. రక్తంలో అది అల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. గోడ బాగుంటే అల్బుమిన్ మెదడులోకి రాదు, రంగూ రాదు. రంగుని దెబ్బకు ముందు ఇవ్వకండి. చిట్లిన నాళం నుంచి కారిన రక్తమే రంగుని మోసుకొస్తుంది, దాన్ని మీరు గోడ లీకేజీ అనుకుంటారు. నేను దెబ్బ తర్వాత 2 గంటలకి ఇచ్చి, 4 గంటలకి మెదడు తీస్తున్నాను.

నన్ను నాలుగు నెలలు తిప్పింది పర్ఫ్యూజన్. గుండె ఎడమ జఠరికలోంచి సెలైన్ పంపి నాళాల్లోని రక్తాన్నంతా కడిగేసే పని అది. ల్యాబ్‌లో చేతులు మారుతూ వచ్చిన పాత కాగితంలో "సెలైన్ 100 మి.లీ." అని మాత్రమే ఉంది. సీసా ఎంత ఎత్తున ఉండాలో లేదు. నా షామ్ మెదళ్లన్నీ లేత నీలంగా వచ్చేవి. ల్యాబ్ మీటింగ్‌లో గైడ్ రెండు స్లైడ్లు పక్కపక్కన పెట్టి, "ఇందులో దెబ్బ తగిలిందేదో చెప్పు" అన్నారు. అందరి ముందూ చెప్పలేకపోయాను. తప్పు డ్రిల్‌దే అనుకుని ఆ వైపే వెతికాను.

జవాబు ముక్కలు కోసి చూస్తే దొరికింది. నీలం మబ్బులా పరుచుకుని లేదు, సన్నటి గీతల్లా ఉంది. పుర్రె కోయని వైపు అర్ధగోళంలోనూ అవే గీతలు. ఆ రంగు బయటికి కారింది కాదు, కడగని నాళాల్లో నిలిచిపోయింది. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్ కింద ఇవాన్స్ బ్లూ ఎర్రగా వెలుగుతుంది: కడగనిచోట గొట్టాల్లా, నిజంగా లీకైనచోట గొట్టం చుట్టూ పొగలా.

పంపు కోసం ఇండెంట్ పెడితే కొనుగోళ్ల కమిటీ రెండుసార్లు తిప్పి పంపింది, ఆ కోపం నాకింకా ఉంది. డ్రిప్ సెట్‌తోనే నడిపించాను. సీసాలోని సెలైన్ మట్టం ఎలుక గుండెకి 120 సెం.మీ. పైన ఉంటే సుమారు 88 మి.మీ. పాదరసం ఒత్తిడి వస్తుంది, ఎలుక సహజ రక్తపోటుకి దగ్గరే. మట్టం తగ్గేకొద్దీ సీసాని పైకి జరపాలి. సెలైన్ 37 డిగ్రీల దగ్గర ఉండాలి, రక్తం గడ్డకట్టకుండా మి.లీ.కి 10 యూనిట్ల హెపారిన్ కలపాలి. గొట్టంలో ఒక్క గాలిబుడగ ఉన్నా కేశనాళికలు మూసుకుపోతాయి. సూది మొన బృహద్ధమని మొదట్లో ఆగాలి. ముక్కులోంచి నీళ్లొస్తే సెలైన్ ఊపిరితిత్తులకి పోతోందని అర్థం, వెంటనే సూది సర్దండి. కుడి కర్ణిక కోతలోంచి వచ్చేది తేటపడేదాకా ఆపకండి. నాకు 250 మి.లీ. దాకా పడుతోంది.

ఆ తర్వాత అర్ధగోళాలు విడదీసి, తూచి, రంగు బయటికి దిగేలా ఫార్మమైడ్ ద్రావణిలో 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, 620 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటోందో రీడింగ్ తీసుకోవాలి. రంగు ఎక్కించని ఎలుక మెదడునే బ్లాంక్‌గా (సున్నా కొలతగా) పెట్టండి.

న్యూరాన్లకు వేరే ఎలుకలు కావాలి, సెలైన్ తర్వాత కణజాలాన్ని ఉన్నదున్నట్టు గట్టిపరిచే (ఫిక్సేషన్) 4 శాతం పారాఫార్మాల్డిహైడ్ పంపాలి. ఇక్కడా అదే పాపం వెంటాడింది, మన చేతి తప్పే దెబ్బలా కనిపించడం. ఫిక్సేషన్ సరిగ్గా కాకముందే మెదడు బయటికి తీసి, ఫోర్సెప్స్‌తో నొక్కితే బతికున్న న్యూరాన్లు కూడా ముడుచుకుపోయి నల్లగా కనిపిస్తాయి. డెండ్రైట్లు (న్యూరాన్ కొమ్మలు) మరమేకులా మెలికలు తిరుగుతాయి. వాటిని చచ్చిన కణాలుగా లెక్కపెట్టడం అన్యాయం. ఆ లెక్క కోసం ఒక ప్రాణం తీశాం. పర్ఫ్యూజన్ అయ్యాక తలని అలాగే రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచి, తెల్లారాక పుర్రె విప్పండి. అనుమానముంటే ఫ్లోరో-జేడ్ అనే రంగు వేయండి, అది నిజంగా క్షీణిస్తున్న న్యూరాన్లనే పడుతుంది. ఆక్సాన్లకైతే (న్యూరాన్ల పొడవాటి తీగలకు) ఎపిపి అనే ప్రోటీన్‌ని పట్టే యాంటీబాడీ. సాగిన ఆక్సాన్‌లోకి కాల్షియం చొరబడి రవాణా ఆగిపోతే, ఆ ప్రోటీన్ 2-3 గంటల్లోనే అక్కడ గుట్టపడుతుంది. మామూలు రంగుల్లో ఆ ఉబ్బు కనపడాలంటే చాలా గంటలు ఆగాలి.

గోడ ఒకసారి తెరుచుకుని ఊరుకోదు. ఎలుకల్లో మొదటి 4-6 గంటల్లో ఒకసారి, మళ్లీ మూడోరోజు దగ్గర ఇంకోసారి తెరుచుకుంటుంది. మూడోరోజు గుంపుకి ఈ ఉదయమే దెబ్బ వేశాను. సీసా కొక్కేనికి 120 దగ్గర గీత గీసి పెట్టాను.