మూడు దిండ్లు

"రాత్రిళ్లు ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటున్నారు?"

అత్యవసర విభాగంలో ఆ అమ్మాయి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, మాట పెగలడం లేదు. మూడు వేళ్లు చూపించాను. ఒక క్షణం ఆగి నాలుగోదీ ఎత్తాను. ముందురోజు రాత్రి నుంచి నాలుగు. ఆమె నా కాళ్ల దగ్గరికి వెళ్లి చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కింది. పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తూ నిలబడింది. తర్వాత నర్సు వైపు తిరిగి ఏదో ఇంజెక్షన్ పేరు చెప్పింది. మెడలో స్టెతస్కోపు లేకపోతే కాలేజీ పిల్ల అనుకునేదాన్ని. ఏడు వారాలుగా నేను ముగ్గురు పెద్ద డాక్టర్లకు చెప్పుకుంటూ తిరిగినదాన్ని ఆ పిల్ల ఒక ప్రశ్నతో, ఒక వేలితో పట్టుకుంది.

అసలు నాకు వచ్చింది గుండెజబ్బు కాదు, లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్. మెడ మీద గడ్డ, దాన్నుంచి ముక్క తీసి పరీక్ష, స్కాన్లు, 21 రోజులకు ఒకటి చొప్పున ఆరు విడతల కీమో. ఆ దారిలో నడిచినవాళ్లకు చెప్పక్కర్లేదు, నడవనివాళ్లను భయపెట్టడం నాకు ఇష్టం లేదు. రెండో విడత నాటికి తల గుండు అయింది. నేను పెద్దగా బాధపడలేదు, అక్క ఏడ్చింది. అంతే.

ఆ మందుల్లో ఒకటి మాత్రం ఎర్రగా ఉంటుంది. డాక్సోరుబిసిన్. సిరంజిలో చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కించిన రోజు మూత్రమూ ఎర్రగా వస్తుంది. ఇటలీ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి జాతి నుంచి దీన్ని తీశారట. పక్కనున్న ఏడ్రియాటిక్ సముద్రం పేరు మీద ఏడ్రియామైసిన్ అని కూడా పిలిచారు. క్యాన్సర్ కణాలను చంపడంలో దీనికి ఎంత పేరుందో, గుండె కండరాన్ని దెబ్బతీయడంలోనూ అంతే పేరుంది. ఆ సంగతి 1970ల నుంచే తెలుసు. అందుకే ఒక మనిషికి జీవితం మొత్తంలో ఎంత ఇవ్వవచ్చో లెక్క ఉంది. ఒంటి వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకు 550 మిల్లీగ్రాములు దాటకూడదని మొదట్లో అనుకున్నారు. 2003లో పాత పరిశోధనల వివరాలను మళ్లీ తిరగేసి చూస్తే, అంత మోతాదు తీసుకున్నవారిలో 26 శాతం మందికి గుండె వైఫల్యం రావచ్చని తేలింది. 400 దగ్గర అది 5 శాతం. నాది 50 చొప్పున ఆరుసార్లు, మొత్తం 300. "మీకు భయం లేదమ్మా" అన్నారు. నిజమే, నూటికి తొంభై మందికి పైగా నిజమే. నాకు అంతకుముందే రక్తపోటు ఉందన్న సంగతి మాత్రం ఆ లెక్కలో ఎవరూ కలపలేదు.

చివరి విడత అయిన ఆరు వారాలకు స్కాన్ తీశారు. గడ్డలన్నీ మాయం. ఆ గదిలో అక్క ఏడుపు, బావగారి దండాలు, డాక్టరు ముఖంలో గెలిచిన కళ. ఆ సందడి మధ్యలో నేను నెమ్మదిగా అన్నాను, మెట్లు ఎక్కుతుంటే ఆయాసం వస్తోంది, పడుకుంటే దగ్గు వస్తోంది అని. ఆయన చిరునవ్వు చెరగకుండానే చెప్పారు: "ప్రాణం దక్కింది, సంతోషించండి. మెట్లెక్కితే ఆయాసం రావడానికి క్యాన్సరే అక్కర్లేదు, యాభై ఏళ్లు చాలు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అన్న మాట కంటే నేను నవ్విన నవ్వే ఇప్పటికీ నన్ను ఎక్కువ కాలుస్తుంది. నాకు అప్పుడు నలభై తొమ్మిది.

తర్వాత చూసిన ఇద్దరూ కొంచెం మర్యాదగా అదే చెప్పారు. కీమో తర్వాత నీరసం మామూలే, నడవండి, మంచి ఆలోచనలు పెట్టుకోండి. నడిచాను. పది అడుగులకు ఒకసారి చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి ఊపిరి తీసుకునేదాన్ని. ఆ చెప్పులూ బిగుతయ్యాయి. ఒక్క వారంలో మూడు కిలోలు పెరిగాను. అక్క మురిసిపోయింది, "ఇన్నాళ్లకు ఒళ్లు చేస్తున్నావు" అని. అది ఒళ్లు కాదు, నీరు. గుండెకు ఇబ్బంది ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే ఒక్కటి చేయండి. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని రాసి పెట్టుకోండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఎవరు మురిసిపోయినా మీరు మురిసిపోకండి, డాక్టరుకు ఫోను చేయండి.

దిండ్లు ఎప్పుడు పెరిగాయో నాకే సరిగ్గా తెలియదు. ఒకటి రెండయింది, రెండు మూడయ్యాయి. మనిషి శరీరం డాక్టరు కంటే ముందే తనకు తోచిన వైద్యం చేసుకుంటుంది కాబోలు. పడుకున్నప్పుడు కాళ్లలో నిలిచిన రక్తమంతా గుండె వైపు వస్తుంది. బలహీనపడిన గుండె దాన్ని ముందుకు తోయలేదు. అది వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్ని అక్కడ నీరు ఊరుతుంది. తల ఎత్తుగా పెట్టుకుంటే కొంత నయం. ఇదంతా ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే, బల్లపరుపుగా పడుకుంటే చచ్చిపోతానని.

ఆ రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చింది. కల వల్ల కాదు, శబ్దం వల్ల కాదు, గాలి లేకపోవడం వల్ల. లేచి కూర్చున్నాను. కిటికీ తెరిచాను. బయట అంత గాలి ఉంది, ఒక్క గుక్కెడు లోపలికి రాదు. గొంతులో గురగుర. ఆ గురగుర నాదేనని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మంచం కోడు పట్టుకుని ముందుకు వంగితే కొంచెం ఆడుతోంది. అలాగే ఎంతసేపు ఉన్నానో, గడియారం చూస్తే నాలుగే నిమిషాలు. అక్క పక్క గదిలోనే ఉంది. పిలుద్దామంటే గొంతు లేదు. మంచం పక్కనున్న స్టీలు గ్లాసును చేత్తో నెట్టేశాను. అది గచ్చు మీద దొర్లుతూ పోతున్న చప్పుడు వింటూ నాకు తోచిన ఆలోచన చాలా చిన్నది: క్యాన్సర్ చంపలేదు, ఆ మాట ఆ గదిలో అందరి ముందూ చెప్పారు, ఇప్పుడు నేను చచ్చిపోతే వాళ్ల మాట అబద్ధమైపోతుంది. భయంలో మనిషికి ఇంత పిచ్చి మర్యాద ఎందుకో!

అక్క వచ్చింది. ఏమీ అడగలేదు. "చెప్పులు వదిలెయ్, లే" అంది. కారులో నన్ను తన భుజానికి ఆనించుకుని నిటారుగా కూర్చోబెట్టి దారి పొడుగునా ఏదో గొణుగుతూనే ఉంది. ఎవరికి మొక్కుకుందో ఇప్పటికీ చెప్పలేదు. నేను దేవుణ్ణి నమ్మను. కానీ ఆ గొణుగుడు ఆగితే నా ఊపిరి ఆగిపోతుందని మాత్రం ఆ పూట నమ్మాను.

ఇంజెక్షన్‌తో తెల్లారేలోపు రెండు లీటర్లకు పైగా నీరు పోయింది. పొద్దున్న ఎకో, అంటే గుండెకు చేసే స్కాన్, తీశారు. గుండె తనలో నిండిన రక్తంలో ఎంత భాగాన్ని ఒక్క తడవకు బయటకు పంపగలదో చెప్పే అంకె ఒకటుంది, ఇ.ఎఫ్. అంటారు. ఎంత మంచి గుండె అయినా నిండిందంతా పంపదు, 55 పైన ఉంటే చాలు. కీమోకు ముందు నాది 62. ఆ అంకె చూసి బావగారు అప్పట్లో "అరవై రెండేనా! మిగతా ముప్ఫై ఎనిమిది ఏమయింది?" అని కంగారుపడితే నవ్వుకున్నాం. ఆ పొద్దున అది 31. బావగారు ఏమీ అనలేదు.

నా ఉద్యోగం ప్రూఫులు దిద్దడం. పాతికేళ్లుగా ఇతరుల అచ్చుతప్పులు ఏరుకుంటూ బతుకుతున్నాను. వార్డులో నాలుగో రోజున ఊపిరి కుదుటపడ్డాక నా ఫైలు తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చదివాను. కీమోకు ముందు చూసిన గుండె డాక్టరు తన చేతిరాతతో రెండు ముక్కలు రాసి పెట్టారు: చికిత్స ముగిసిన మూడు నెలలకు మళ్లీ ఎకో తీయాలి, ఆయాసం ఉంటే అంతకుముందే తీయాలి. ఆ ఫైలును ముగ్గురు డాక్టర్ల బల్లల మీదికి నా చేతులతో నేనే మోసుకెళ్లాను. వాళ్లు చదవలేదు. నేనూ చదవలేదు. వాళ్లను క్షమించలేకపోతున్నాను, నన్ను క్షమించుకున్నాను. ఇది న్యాయం కాదని తెలుసు.

కోపం అంతగా ఎందుకంటే, ఇక్కడ ఆలస్యానికి కొలత ఉంది. ఇప్పుడు నన్ను చూస్తున్న గుండె డాక్టరు దాన్ని ఒక కాగితం వెనక గీత గీసి చూపించారు. మిలాన్‌లో ఈ ఎర్ర మందు వల్ల గుండె దెబ్బతిన్న 201 మందికి ఎనలాప్రిల్, కుదిరినవారికి కార్వెడిలాల్ అనే గుండె మందులు ఇచ్చి గమనించారు. 2010లో ఫలితాలు వచ్చాయి. కీమో అయిన రెండు నెలల్లోపు మందులు మొదలుపెట్టినవారిలో 64 శాతం మంది గుండె పూర్తిగా కోలుకుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ గీత దిగుతూ పోయింది. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవారిలో పూర్తిగా కోలుకున్నవారు ఒక్కరూ లేరు. నేను పదమూడు వారాలకు మొదలుపెట్టాను. ఆరో వారంలో ఎవరైనా ఆ ఫైలు తెరిచి ఉంటే గీతకు పై కొసన ఉండేదాన్ని.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. మొదట్లో పై కొసను చూసేదాన్ని. ఇప్పుడు కింది కొసను చూస్తాను. ఆలస్యంగా వచ్చి, మందులు వేసుకుని, కోలుకోనివాళ్లు. వాళ్లు తమ అంకెలు ఇచ్చి ఉండకపోతే ఆలస్యం ప్రమాదమని నా డాక్టరుకు తెలిసేదే కాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కీమో మొదలయ్యే ముందు ఒక నర్సు అంగీకార పత్రం పట్టుకుని వచ్చింది. ఎర్ర మందు నుంచి గుండెను కాపాడగలదేమో చూడటానికి రోజుకొక మాత్ర ఇస్తారట. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, ఎవరికేది వచ్చిందో ఇచ్చేవారికీ తెలియదు. "నేనేమైనా ఎలుకనా?" అని పత్రం తిప్పి ఇచ్చేశాను. ఆమె నొచ్చుకున్నట్టు కనిపించలేదు, అలవాటైన మాటేమో. ఆ మాత్ర నన్ను కాపాడేదో లేదో నేను చెప్పలేను. కానీ ఆ అధ్యయనంలో చేరినవారందరికీ, ఉత్తుత్తి మాత్ర వచ్చినవారికి కూడా, చెప్పిన తేదీకి ఎకో తీశారు. ఎవరి హాస్యమూ దానికి అడ్డం రాలేదు.

మందుల సంగతి త్వరగా ముగిస్తాను. నాలుగు రకాలు, మొదటి రెండు నెలలు లేస్తే కళ్లు తిరిగేవి. వాటిలో ఒకటి చక్కెర వ్యాధి మందు. నాకు చక్కెర లేదని గొడవపెట్టాను. గుండె వైఫల్యానికి, చక్కెర లేనివారికి కూడా, పనిచేస్తుందని 2019లో తేలిందన్నారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ల కథ ఇంకా వింత. బలహీనమైన గుండెకు అవి విషమని ఒకప్పుడు పుస్తకాల్లో ఉండేది. 1975లో స్వీడన్‌లో ఏడుగురంటే ఏడుగురు రోగులకు ధైర్యం చేసి ఇచ్చి చూశారు, మెరుగుపడ్డారు. లోకం నమ్మడానికి మరో ఇరవై ఏళ్లకు పైగా, వేలమంది రోగులు పట్టారు. అచ్చయిన తప్పును దిద్దడం ఎంత కష్టమో నాకంటే ఎవరికి తెలుసు?

మూడు నెలలకు 39. ఏడాదికి 51. దిండ్లు ఒకటికి దిగాయి. రెండోది అక్క తీసేయబోతే వద్దన్నాను, పక్కన ఉండనీ అని.

51 వచ్చిన రోజున మాత్రలు ఆపేద్దామా అని అడిగాను. డాక్టరు ఒప్పుకోలేదు. నా లాంటి కారణం కాకపోయినా, గుండె వ్యాకోచించి మందులతో కోలుకున్న 51 మందితో ఒక ప్రయోగం చేశారట. 2018లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మందులు ఆపినవారిలో 40 శాతం మందికి ఆరు నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది. "మీ గుండె బాగుపడింది, నయమైందని మాత్రం నేను అనను" అన్నారావిడ. ఆ తేడా నాకు నచ్చింది. కటువుగా ఉన్నా సరైన పదం వాడారు.

ఆ రోజే గది బయట ఒక నర్సు కాగితాలతో నిలబడి ఉంది. పాత ఆమె కాదు. కీమో వల్ల గుండె దెబ్బతిని కోలుకున్నవారిని ఐదేళ్లు వెంబడించి చూస్తారట. ఏడాదికి రెండు ఎకోలు, కొంచెం రక్తం. పద్నాలుగు పేజీలు. చదివి ఇవ్వడానికి గంట కావాలన్నాను. "అన్నీ చదువుతారా అండీ!" అని ఆశ్చర్యపోయింది. సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీశాను.

తెలుగు అనువాదం ఘోరంగా ఉంది. ఒక వాక్యానికి కర్త లేదు, ఇంకోదానికి క్రియ లేదు. పదకొండో పేజీలో "గుండె పనితీరును పరీక్షిస్తారు" అని ఉండాల్సిన చోట "గుండు పనితీరును" అని పడింది. అక్కకు చూపిస్తే పడీ పడీ నవ్వింది. ఆ ఉకారాన్ని దిద్ది, పక్కన పొడి అక్షరాలు వేసి, చివరి పేజీ తిప్పి సంతకం చేశాను.